నాది నాకుంది

"నాది నాకుంది," అన్నాడు బాబాయ్.

"నాది నాకుంది," అంది అటు చివర నుంచి ఆయన జోడీ చీమ.

ఆ రెండు మాటలూ అయ్యాకనే అద్దం స్టాండు మీద నుంచి లేచింది. అంతకు ముందు లేవకూడదు. అది ఆ అద్దాల షాపులో పాత యజమాని నాటి కట్టుబాటు. అద్దాన్ని నిలువుగా పట్టుకుని ఇద్దరు మోస్తున్నప్పుడు ఒకరి మొహం ఒకరికి కనపడుతుంది గానీ ఒకరి చేతుల్లో బరువు ఇంకొకరికి కనపడదు. అందుకని ఎత్తేటప్పుడు ఒకసారి, గడప దగ్గర ఒకసారి, దించేటప్పుడు ఒకసారి, తన వంతు బరువు తన చేతుల్లో ఉందని ఎవరికి వారు పైకి చెప్పాలి. ఉంటేనే చెప్పాలి. లేకపోతే లేదనాలి. లేదన్నవాణ్ణి తర్వాత ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఆ షాపులో అన్నిటి మీదా వేళాకోళాలు నడుస్తాయి. యజమాని బట్టతల మీద నడుస్తాయి, డ్రైవర్ వంట మీద నడుస్తాయి. ఆ ఒక్క మాటతో మాత్రం ఎవరూ పరాచికాలాడరు.

బాబాయ్ అద్దం కిందకి కుడిచేయి వేసి, ఎడమచేత్తో నిలువంచు పట్టుకుని ముందుకు నడుస్తున్నాడు. చీమ వెనక్కి నడుస్తోంది. వెనక్కి నడిచే మనిషికి ఎదుటి మనిషే కళ్ళు.

"కుడికాలి దగ్గర నీళ్ళ గొట్టం. దాటావు. ఎడమకి కొంచెం జరుగు. అంతే. ఇంక గడప."

ఆమె కిందకి చూడకుండానే పాదాలు వేస్తోంది. గడప దగ్గర ఆగారు.

"నాది నాకుంది."

"నాది నాకుంది."

చీమ మడమ గడప మీద మోపింది. అప్పుడు వినిపించింది. పెద్ద చప్పుడేం కాదు. గోరు విరిగినట్టు టిక్కుమంది. అంతే, పై మూల నుంచి కింది మూలకి తెల్లటి గీత ఒకటి, తీరిగ్గా నడిచి వెళ్ళినట్టు, అద్దం మీద సాగిపోయింది.

ఇద్దరూ బిగుసుకుపోయి నిలబడ్డారు. పగిలిన అద్దంతో మొట్టమొదట చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవడమే.

"నీ వైపు ముందు దించు," అన్నాడు బాబాయ్ గొంతు పెంచకుండా. "వదలకు. నేలకి తగిలాక చెప్పు."

"తగిలింది."

"ఇప్పుడు నాది దించుతున్నా."

రెండు ముక్కలనీ గోడకి ఆనించారు. నెత్తురు చుక్క కారలేదు. వ్యాను పక్కన నిలబడి చూస్తున్న డ్రైవర్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"అయిపోయింది! పొద్దున్నే ఎవరి మొహం చూశానో!"

"నీ బండి అద్దంలో నీ మొహమే చూసుకుని ఉంటావు," అంది చీమ. మాట చురుగ్గానే వచ్చింది గానీ చేతులు ఇంకా ముక్క అంచుని వదల్లేదు.

యజమాని బయటికి వచ్చాడు. పాత యజమాని కొడుకు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ముక్కల వైపు చూశాడు, తర్వాత చీమ చేతుల వైపు చూశాడు, తెగలేదని రూఢి చేసుకున్నాక నోరు విప్పాడు.

"బాబాయ్, ఈ మధ్య ఇది మొదటిది కాదు. మీరూ మీ పాత జోడీ నిచ్చెనా మోసే రోజుల్లో నేనిలాంటిది చూడలేదు. చీమని తిట్టడం లేదు. అంచులు పట్టే సాన దగ్గర ఉన్నప్పుడు ఈ పిల్ల పని అద్దంలానే ఉండేది. మళ్ళీ అక్కడికే పంపిద్దాం. మీకు ఇంకో మనిషిని చూస్తాను."

"మధ్యాహ్నం పిల్లల ఆసుపత్రిది ఉంది బాబూ."

"అందుకే అంటున్నా. ఆ కొలతది అదొక్కటే వచ్చింది. అది కూడా పోతే నేను వాళ్ళకి మొహం చూపించలేను." ఆయన గోడకి ఆనించిన ముక్కల్ని మళ్ళీ చూశాడు. "సరే. అది మీరిద్దరూ క్షేమంగా పెట్టేస్తే నేనింకేం మాట్లాడను. లేదంటే రేపటి నుంచి చీమ సాన దగ్గరే."

చీమ తలెత్తింది. బాబాయ్ వైపు చూసింది. ఆ చూపులో నింద ఏమీ లేదు. ఉంటే బాగుండేదేమో. ఏదో చెబుతాడని ఎదురుచూస్తున్న చూపు అది. ఆయన ముక్కల వైపు మొహం తిప్పుకున్నాడు. ఆమె చేతులు దులుపుకుని చీపురు తేవడానికి వెళ్ళింది.

బాబాయ్ అని ఆ షాపులో చిన్నా పెద్దా అందరూ పిలుస్తారు. యాభై దాటి కొన్నాళ్ళయింది. పొట్టి మనిషి. మోతకి మెడ భుజాల్లోకి దిగబడిపోయింది. మణికట్ల మీద తోలు పట్టాలు కట్టీ కట్టీ అక్కడ వెంట్రుకలు మొలవడం మానేశాయి. వీధిలో నడిచి వెళితే ఎవరికీ ఆనడు. ఆయన ఉండే సందులో వాళ్ళలో సగం మంది ఆయన ఫొటోలకి ఫ్రేములు కడతాడనుకుంటారు. ఆయన కాదని చెప్పలేదు. ఊళ్ళో ఎన్ని దుకాణాల ముందు, ఎన్ని బడుల్లో, ఎన్ని ఆఫీసుల్లో ఆయన నిలబెట్టిన అద్దాలు ఉన్నాయో లెక్క లేదు. మంచి అద్దం కనపడకూడదు. దాన్ని పెట్టినవాడు కనపడితే ఏం, కనపడకపోతే ఏం అన్నట్టు ఆయన బతుకు నడిచిపోయింది.

ముక్కల ముందు గొంతుకు కూర్చుని ఆయన గీతని చూశాడు. అద్దం ఎలా పగిలిందో అద్దమే చెబుతుంది. దెబ్బ తగిలితే నక్షత్రంలా చీలుతుంది. జారిపడితే కింది అంచు నుంచి మొదలవుతుంది. ఇది మూల నుంచి మూలకి వెళ్ళింది. అంటే మెలిపడింది. రెండు చివరలూ ఒకేలా లేవలేదు. ఒకరు ఉండాల్సిన దానికంటే పైకి ఎత్తారు.

తను ఎత్తలేదు. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. ఎత్తడానికి ఎడమచేతిలో చివరి రెండు వేళ్ళూ ఆయన మాట వినడం మానేశాయి.

మొదట్లో నిద్రలో చెయ్యి ఒత్తుకుందనుకున్నాడు. తర్వాత చలి అనుకున్నాడు. చలి వెళ్ళిపోయాక అనుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ వేళ్ళు చేతికి ఉన్నాయి, కానీ అవి వేరేవాళ్ళవి. అంచు మీద పెడితే ఉంటాయి. ఎంత గట్టిగా పట్టుకున్నాయో, అసలు పట్టుకున్నాయో లేదో, ఆయనకి కబురు రాదు. మిగతా వేళ్ళతోనూ అరచేతితోనూ సర్దుకుపోతున్నాడు. సర్దుకుపోతున్నానని అనుకున్నాడు.

ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాడు. ఆవేళ పొద్దున భార్య కుట్టుమిషను మీద కర్టెను గుడ్డ పరుస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ పిల్లకి చెప్పారా?"

"ఏ పిల్లకి?"

"మీతో పాటు మోసే పిల్లకి. ఎప్పుడూ ఎడమచేత్తో పట్టుకునే టీ కప్పు కుడిచేతికి మారి ఎన్నాళ్ళయింది? నాకు చెప్పకపోతే పోయారు. కప్పు పగిలితే ఊడ్చి పారేస్తాను. ఆ పిల్ల చెయ్యి తెగితే ఈ మిషను మీద కుట్టగలనా?"

"ఏదో తిమ్మిరి. తగ్గిపోతుంది."

"ఆ మాట నాతో అన్నారు సరే," అని ఆమె దారం కొరికి తెంపింది. "ఆ పిల్లతో అనకండి."

ఆయన చెప్పులేసుకుని వచ్చేశాడు. దారంతా ఆ మాట వెంట వస్తూనే ఉంది.

చీమ అన్న పేరు కూడా షాపు పెట్టిందే. మనిషి అంత చిన్నది, మోసేవి అంత పెద్దవి. ముప్పై దాటింది. ఇద్దరు పిల్లల తల్లి. అద్దాల అంచులు నునుపు చేసే సాన దగ్గర చేరింది. అంతకు ముందు వేరే చోట కొన్నాళ్ళు మోత పని చేసింది. అక్కడ తన జోడీ ఫోను మోగిందని ఒక చెయ్యి వదిలాడు. దాని గుర్తు ఆమె ముంజేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా ఉంది. నిచ్చెన మోకాళ్ళు పోయి ఇంటికి వెళ్ళిపోయాక, ఆ జాగాలోకి ఎవరొస్తారని యజమాని అడిగితే, మగవాళ్ళంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే ఆమె లేచి నిలబడింది.

"నేనొస్తా. కానీ వెనక్కి నడవను," అంది.

నిచ్చెనతో బాబాయ్‌కి ఆ తిప్పలు లేవు. అతను పొడుగ్గా, మౌనంగా, పేరుకి తగ్గట్టే ఉండేవాడు. ఒకసారి ఏదో చిన్న మాట మీద ఇద్దరికీ చెడింది. ఎండాకాలం మొత్తం ఒకరితో ఒకరు పలకలేదు. కానీ అద్దం ఎత్తేటప్పుడు "నాది నాకుంది" అని అతను, "నాది నాకుంది" అని ఈయన. ఆ ఎండాకాలంలో అద్దం మీద గీత కూడా పడలేదు. నమ్మడానికి ఇష్టం ఉండక్కర్లేదని బాబాయ్‌కి అప్పుడు తెలిసింది.

చీమతో అలా కుదరలేదు. ఆమె మోస్తున్నంతసేపూ ఎదుటివాడి మొహం చూడదు, చేతులే చూస్తుంది. ఆయన మొదట పెరట్లో ఖాళీ ఫ్రేము ఇచ్చి నడిపించాడు. తర్వాత పగిలినా ఫరవాలేని పాత ముక్కలతో నడిపించాడు. ఏ రోజూ "ఏం కాదులే" అనలేదు. ఆ మాట ఆమెకి ఇదివరకు ఒకడు చెప్పాడు. ఉన్నది మాత్రమే చెప్పేవాడు. రాయి ఉంటే రాయి ఉందని, మెట్టు తడిగా ఉంటే తడిగా ఉందని. అయినా ఆమె వెనక్కి అడుగు వెయ్యలేదు. ఇద్దరూ పీతల్లా పక్కవాటుగానే నడిచేవాళ్ళు.

ఒకరోజు ఒక బట్టల దుకాణం ముందు గాలి ఎత్తుకుంది. అద్దం తెరచాపలా ఊగింది. ఆయన నడిరోడ్డు మీద ఆగిపోయాడు.

"చీమా, నాకు భయంగా ఉంది. దించేద్దాం."

జనం చూస్తుండగా దించేశారు. గాలి తగ్గేదాకా ఇద్దరూ దాన్ని పట్టుకుని నిలబడ్డారు. ఆ దుకాణం వాడు నవ్వాడు కూడా. మర్నాడు పొద్దున చీమ వచ్చి, ఎవరూ అడగకుండానే, వెనక్కి నడిచే చివర పట్టుకుంది.

అలాంటి మనిషికి తను చలికాలం నుంచి రోజూ అబద్ధం చెబుతున్నాడు.

మధ్యాహ్నం షెడ్డు వెనక ఖాళీ పెట్టెల మీద కూర్చుని డబ్బాలు విప్పారు. డ్రైవర్ తన డబ్బా మూత తీసి తనే మొహం తిప్పుకుని, నీళ్ళు తెస్తానని లేచి వెళ్ళాడు.

"చీమా," అన్నాడు బాబాయ్. "గడప దగ్గర నీ వైపు ఎంత ఎత్తావు?"

"రోజూ ఎత్తినంతే."

"అద్దం అలా చెప్పడం లేదమ్మా."

ఆమె చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది.

"మీ వేళ్ళు బాబాయ్," అంది. "ఎడమచేతివి. అంచు మీద ఉంటాయి గానీ పట్టుకోవు. నేను చేతులే కదా చూసేది."

"ఎప్పట్నుంచి చూస్తున్నావు?"

"స్వెట్టర్లు వేసుకున్న రోజుల్నుంచి."

"అప్పట్నుంచీ నా వంతు కూడా నువ్వే మోస్తున్నావా?"

"మొత్తమేం కాదు. గడపల దగ్గర, మెట్ల దగ్గర. కొంచెం."

"మరి నాది నాకుంది అన్నావే?"

"మీరన్నారు కదా."

"నేనంటే?"

"మీరు ముందన్నారు బాబాయ్. మీరు ఉందన్నాక, నా దగ్గర మీది కూడా ఉందని ఎలా చెప్పను? మిమ్మల్ని నలుగుర్లో అబద్ధాలకోరుని చేసినట్టు కాదా?"

ఆయనకి తల తీసేసినట్టయింది. డబ్బా పక్కన పెట్టేశాడు. తను దాచాడు, ఆమె కాచింది. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ఇద్దరూ మంచికే పోయారు. పగిలింది మాత్రం అద్దమే. ఇవాళ బల్ల మీద పరిచే అద్దం కాబట్టి సరిపోయింది. మెట్ల మీద ఆ పెద్దదైతే?

"పొద్దున యజమానికి ఎందుకు చెప్పలేదు? సాన దగ్గరికి పంపేస్తానంటుంటే నోరు మూసుకున్నావే?"

"మీరు చెబుతారనుకున్నా," అంది చీమ.

ఆమె ఆ మాట మామూలుగానే అంది. అని, ముద్ద నోట్లో పెట్టుకుంది.

బాబాయ్ లేచి చేతులు కడుక్కున్నాడు. ఎడమచేయి నీళ్ళ కింద చాలాసేపు పెట్టాడు. మూడు వేళ్ళు చల్లగా ఉన్నాయన్నాయి. రెండు ఏమీ అనలేదు. ఇది చాలు అనుకున్నాడు. తడి చేతులు చొక్కాకి తుడుచుకుంటూ నేరుగా యజమాని గదిలోకి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంచాడు, సాన దగ్గర వాళ్ళకి కూడా వినపడాలని.

"బాబూ, నా ఎడమచేతిలో రెండు వేళ్ళకి స్పర్శ లేదు. చలికాలం నుంచి లేదు. ఉందని చెబుతూ వచ్చాను. పొద్దున అద్దం నా వల్ల పోయింది. చీమ వల్ల కాదు. ఇన్నాళ్ళూ మిగతావి పగలకుండా ఉన్నాయంటే అది ఆ పిల్ల వల్లే."

సాన ఆగిపోయింది. యజమాని కళ్ళజోడు నుదుటి మీద నుంచి ముక్కు మీదకి దించుకున్నాడు.

"నాకు చెప్పొచ్చు కదా బాబాయ్."

"చెప్పొచ్చు."

"అయితే ఇవాళ వద్దు. ఆసుపత్రి వాళ్ళని ఆగమంటాను."

"వద్దు బాబూ. ఇవాళ పెడతాం. కానీ నేను కింద ఉండను. చీమ కింద ఉంటుంది, చూసేదీ చెప్పేదీ తనే. నేను పైన, వెనక్కి నడుస్తాను. మధ్యలో, అద్దం కింద నుంచి వేసే మోత పట్టీకి డ్రైవర్."

"నేనా?" అన్నాడు అప్పుడే నీళ్ళ బాటిలుతో వచ్చిన డ్రైవర్. "నాకు బండి లైసెన్సే ఉంది, అద్దం లైసెన్సు లేదు."

"నోరుంది కదా, చాలు," అంది చీమ.

ఆసుపత్రి కొత్త భవనం. రంగుల వాసన ఇంకా పోలేదు. పై అంతస్తులో పిల్లలు కూర్చునే గదికి వీధి వైపు నిలువెత్తు కిటికీ. బయట కరెంటు తీగలు అడ్డం ఉండటంతో తాళ్ళు కట్టి లాగడం కుదరదు. మెట్లే దారి. మెట్లు సగంలో మలుపు తిరుగుతాయి.

చీమ ముందు ఖాళీ చేతులతో మెట్లు ఎక్కి దిగి వచ్చింది. మలుపు దగ్గర దట్టమైన స్పాంజి పరిచింది, ఇంకో ముక్క డ్రైవర్ భుజం మీద వేసింది. బాబాయ్ ఆమెని చూస్తూ కింద నిలబడ్డాడు. తను నేర్పిందే. అయినా ఆమె చేస్తుంటే కొత్తగా ఉంది.

"మెట్ల అంచులు నునుపు. మూడోది కొద్దిగా పగిలింది, కుడికాలు గోడ వైపు వెయ్యండి," అంది. "రెయిలింగుకి తడి రంగు, మోచెయ్యి తగలనివ్వకండి. మలుపులో మీ వీపు గోడకి తగులుతుంది. తగిలితే భయపడకండి, అది గోడే."

"సరే."

"నాది నాకుంది," అంది చీమ. ఈసారి ముందు తనే అంది.

బాబాయ్ తన చేతుల్ని అడిగాడు. కుడిచేయి ఉందంది. ఎడమలో మూడు వేళ్ళు ఉందన్నాయి. అరచేయి మీద బరువు నిండుగా ఆనింది.

"నాది నాకుంది."

"నాకు మాత్రం ఎక్కువే ఉందిరా దేవుడా!" అన్నాడు డ్రైవర్ మధ్యలోంచి. అద్దం లేచింది.

ఆయన పాదం వెనక్కి జరిగి మెట్టు కోసం వెతికింది. నిచ్చెన రోజుల్లోనూ, ఆ తర్వాతా ఎప్పుడూ ముందుకి నడిచే చివరే ఆయనది. వెనక ఏముందో తెలియకుండా అడుగు వెయ్యడం ఎలా ఉంటుందో ఆయనకి ఇంతకాలం తెలియదు. వీపు మొత్తం కళ్ళయి, ఒక్కటీ కనపడని స్థితి. వెనక మెట్టు లేకుండా గొయ్యి ఉన్నట్టే అనిపించింది. ఇలాంటి దాన్లోకి ఈ పిల్లని రోజూ నడిపించాడు. వేళ్ళు లేకుండా నడిపించాడు.

"మెట్టు. ఇంకో మెట్టు. ఇది పగిలింది. గోడ వైపు. ఆ... వచ్చారు," చీమ గొంతు కింద నుంచి నిదానంగా వస్తోంది. అద్దంలోంచి ఆమె మొహం కనపడుతోంది. చెమట కనుబొమ మీద నిలిచింది. ఆమె ఇప్పుడు చేతుల వైపు చూడటం లేదు, ఆయన పాదాల వెనక మెట్లు చూస్తోంది.

"చచ్చాన్రోయ్," అన్నాడు డ్రైవర్. "భుజం ఊడిపోతోంది."

"ఊడితే చెప్పు, ఆగుదాం," అంది చీమ.

"ఊడలేదు. ఊడేట్టుంది."

మలుపు ఇంకా రెండు మెట్ల దూరం ఉండగా ఎడమచేతిలో మూడో వేలు కూడా మాట్లాడటం మానేసింది. బరువు జారలేదు. జారుతుందని తెలిసింది, అంతే. ఒక్క క్షణం పాత బుద్ధి లేచింది. రెండు మెట్లే కదా, పళ్ళు బిగించి దాటేద్దాం. ఆయన నోరు తెరిచాడు.

"చీమా. నాది నాకు లేదు."

జీవితంలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు. గొంతు తనది కాదేమో అన్నంత మామూలుగా వచ్చింది.

"సరే. ఆగుదాం," అంది చీమ వెంటనే. ఆమె అద్దాన్ని ఒక్క వేలెడు కూడా పైకి ఎత్తలేదు. "ఎత్తను బాబాయ్. నేను ఎత్తితే మెలిపడుతుంది. మీ వైపు మెట్టు మీదకే వాల్చండి. డ్రైవరన్నా, నీ భుజం మీది స్పాంజి ముక్క లాగి మెట్టు మీద పడెయ్. కాలితో తోసెయ్. ఆ. బాబాయ్, నెమ్మదిగా."

అద్దం అంచు స్పాంజి మీద ఆనింది. ముగ్గురూ దాన్ని నిలబెట్టుకుని ఊపిరి పీల్చుకున్నారు. కింద యజమాని నిలబడి ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఏమీ అనలేదు. అనకూడదు.

బాబాయ్ ఎడమచేయి తీసి చొక్కాలో పెట్టుకుని వెచ్చబెట్టాడు. పట్టీ కొస ఒక చుట్టు మణికట్టుకి వేసుకుని, వేళ్ళ మీద కాకుండా ముంజేతి మీద బరువు ఆనేలా పట్టు మార్చాడు. ఊపి చూసుకున్నాడు. ఇంకోసారి ఊపి చూసుకున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఇప్పుడు నాది నాకుంది."

"నాది నాకుంది."

"నాకూ ఉంది, ఉంది, కానీయండి," అన్నాడు డ్రైవర్.

మలుపులో ఆయన వీపుకి గోడ తగిలింది. భయపడలేదు. అది గోడే.

పైకి చేరాక అద్దాన్ని స్పాంజి మీద నిలబెట్టి, ఫ్రేము గాడి తుడిచారు. అద్దం నేరుగా ఇనుప గాడిలో కూర్చోకూడదు. కింద రెండు చివరలా గట్టి రబ్బరు ముక్కలు పెట్టి వాటి మీద నిలపాలి. అద్దం బరువంతా వాటి మీదే పడుతుంది. డ్రైవర్ జేబులు తడుముకున్నాడు. ఒకటి దొరికింది. రెండోది ఎక్కడో జారిపోయింది.

"షాపుకెళ్ళి తెచ్చేస్తా."

"రంగుల వాళ్ళు తిరుగుతున్నారు. దీన్ని ఇలా నిలబెట్టి ఎంతసేపు కాపలా కాస్తాం?" అన్నాడు బాబాయ్. ఆయన కిటికీ గట్టు మీద కూర్చుని ఎడమకాలి చెప్పు తీశాడు. మడమ దగ్గర దళసరి టైరు రబ్బరు. జేబులోంచి కత్తి తీసి మడమ పక్కగా ముక్క కోశాడు. దొరికిన ముక్క పక్కన పెట్టి చూశాడు. కొంచెం ఎత్తుంటే చెక్కాడు. మళ్ళీ చూశాడు. సరిపోయింది. గాడిలో ఎడమ చివర పెట్టాడు.

అద్దాన్ని చీమ చెప్పినట్టు ఎత్తి గాడిలోకి దించారు. అది చప్పుడు లేకుండా కూర్చుంది. చీమ అంచుల వెంబడి సిలికాన్ పట్టించి వేలితో నునుపు చేసింది. వీధి ఒక్కసారిగా శబ్దం లేకుండా కనపడింది. బస్సులు, మనుషులు, ఎదుటి మేడ మీద ఆరేసిన బట్టలు.

"బాగుంది," అన్నాడు యజమాని. "చీమా, రేపు నువ్వు సాన దగ్గరికి వెళ్ళక్కర్లేదు."

"రేపటి నుంచి నేను రాను బాబూ," అన్నాడు బాబాయ్. ఆయన కత్తి మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

చీమ వేలు సిలికాన్ మీద ఆగింది. "ఎందుకు? ఇవాళ ఎలా పెట్టామో రోజూ అలాగే పెడదాం. మీరు పైన, నేను కింద."

"ఇవాళ దించడానికి మెట్టు దొరికింది. రోజూ దొరకదమ్మా."

"డాక్టరుకి చూపించుకోండి. తగ్గాక రండి."

"చూపించుకుంటాను. తగ్గితే వస్తాను. తగ్గుతుందని నీతో అనను."

ఆమె సిలికాన్ అంటిన వేలు గుడ్డకి తుడుచుకుంది. ఏం కాదులే అని ఆయన తనతో ఎప్పుడూ అనలేదు. ఆ మాట ఇప్పుడు తను ఆయనతో అనలేకపోయింది.

"మరి నీ జోడీ ఎవరు? నువ్వే చెప్పు," అన్నాడు యజమాని.

చీమ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. అటూ ఇటూ చూసి, నేల మీద కాళ్ళు చాపుకుని భుజం నొక్కుకుంటున్న డ్రైవర్ని చూపించింది.

"ఈయన."

"నేనా! మెట్టు మెట్టుకీ ఏడ్చానే!"

"అందుకే. బరువు ఉంటే ఊరంతా వినపడేలా చెబుతావు. నీ దగ్గర దాపరికం లేదు."

బాబాయ్ నవ్వాడు. ఆ రోజు మొత్తంలో మొదటిసారి. "మంచి మనిషిని పట్టావు," అన్నాడు. "వీడికి ముందు పెరట్లో ఖాళీ ఫ్రేము ఇవ్వు."

కిందకి దిగాక అందరూ వ్యాను ఎక్కారు. బాబాయ్ ఎక్కలేదు. ఇల్లు దగ్గరే, నడిచి వెళ్తానన్నాడు. ఇంట్లో కుట్టుమిషను దగ్గర కూర్చుని చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. దానికి కాస్త దారి కావాలి. ఎడమ మడమ పలచబడింది కాబట్టి ఆయన నడక ఆ వైపు కొద్దిగా ఒరిగింది. చీమ వ్యాను వెనక తలుపు దగ్గర నిలబడి, ఆయన పాదాల ముందు ఏమున్నాయో అని చూస్తున్నట్టు, మలుపు తిరిగేదాకా చూసింది. ఆయన వెనక్కి చూడలేదు.

పైన ఆ గది మళ్ళీ రంగుల వాళ్ళదయింది. వాళ్ళలో ఒకడు కిటికీ దగ్గరికి వచ్చి, అద్దం ఉందని మరిచిపోయి చెయ్యి బయటికి చాపబోయి, నవ్వుకుని వెనక్కి తీసుకున్నాడు. సిలికాన్ ఆరుతోంది. దాని అడుగున గాడిలో, ఎడమ చివర, అరిగిన గీతలు ఇంకా పూర్తిగా చెరగని ఒక చెప్పు మడమ ముక్క.